పలుకు నడచిన బాట: ఇంటర్నెట్టు మాటకు బహిరంగ ప్రమాణములు ఏర్పడిన కథ

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ ఉగాది. ఆ తేదీ మొదలైన అర్ధరాత్రినుండే దేశమంతటా లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. భవాని పేట్ లో మరమగ్గముల చప్పుడు ఆగినది. పంచాంగ శ్రవణమునకు నలుగురము ఒకచోట కూర్చొనే వీలు లేకపోయినది. పక్క గల్లీలోని వియ్యాలవారింటికి పోవుటకే దారి లేనప్పుడు భివండీ, సూరత్, సిరిసిల్ల, దుబాయిల మాట చెప్పనేల? అయినను ఆనాడు మన ఇండ్లలో పండుగ పలుకు ఆగలేదు. అరచేతిలోని అద్దములో అవ్వ మనుమని చూచినది. మనుమడు అవ్వ చేతిలోని పచ్చడి గిన్నెను చూచినాడు. "మంచిగున్నవా బిడ్డా?" అన్న మాట అరేబియా సముద్రము దాటిపోయి, దాని సమాధానము కనురెప్ప పాటులో తిరిగి వచ్చినది.

ఆ మాట ఏ దారిన పోయినది? ఆ దారికి నియమములు వ్రాసినవారెవరు? వారు ఆ నియమములను దాచుకొన్నారా, అందరికీ పంచినారా? ఈ ఉగాది సంచికలో ఆ చరిత్రను మా పేట పాఠకులకు విన్నవించవలెనని మా ఉద్దేశ్యము. ఇందులో యంత్రములు ఉన్నవి గాని, ఇది ముఖ్యముగా మనుష్యుల మధ్య కుదిరిన ఒప్పందముల కథ.

మాటయే మన వ్రాత

మా పేట కుటుంబములలో చాలామంది పెద్దలు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల నుండి మగ్గమును నమ్ముకొని వచ్చినవారు. 1877లో షోలాపురములో నూలు మిల్లు వెలసిన పిమ్మట పని వెదకుకొంటూ వచ్చినవారు మరికొందరు. వచ్చినవారు ఊరిని మరువలేదు. కాని వారి పిల్లలు చదివినది మరాఠీ బడిలో. ఇంట తెలుగు, బడిలో మరాఠీ అయినచోట తెలుగు అక్షరము చేతికి రాకపోయినను తెలుగు మాట నోట నిలిచినది. తెలుగులో ఉత్తరము వ్రాయగల తరము తరిగినకొద్దీ మన భాషను ఒక ఊరినుండి మరియొక ఊరికి మోసేది గొంతు ఒక్కటే అయినది. కనుక ఆ గొంతు నడిచే దారి ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న మనకు కాలక్షేపపు ప్రశ్న కాదు.

ట్రంకు కాల్ కోసము గంటలకొద్దీ కనిపెట్టుకొని కూర్చున్న రోజులు పెద్దలకు జ్ఞాపకమే. 1960 నవంబరు 25న లక్నో, కాన్పూరు నగరముల మధ్య మన దేశములో మొదటి ఎస్.టి.డి. ఆరంభమైనది. 1984 ఆగస్టులో సి-డాట్ సంస్థ ఏర్పడిన తరువాత టెలిఫోను చిన్న ఊళ్ళకు పోయినది. పసుపు బోర్డుల పి.సి.ఓ.లు వీధి వీధినా వెలసినవి. రాత్రి రేటు తగ్గేదాక వరుసలో నిలిచి, మీటరు మీద ఒక కన్ను వేసి, పెండ్లి మాటలను కూడ మూడు నిముషములలో తేల్చుకొన్నవారము మనము.

అది ఖరీదైన దారియే. కాని దానిలో ఒక గొప్ప గుణము ఉన్నది. ఫోను ఏ కంపెనీ తయారుచేసినదైనను, తీగ ఏ దేశముదైనను, నంబరు తిప్పితే అవతల గంట మ్రోగేది. ఇది దానంతట అది వచ్చిన సౌకర్యము కాదు. 1865లో పారిస్ నగరములో ఇరవై దేశములు కూడి టెలిగ్రాఫు సంఘమును స్థాపించిన నాటినుండి దేశముల మధ్య తీగల మాటకు ఒప్పందములు కుదురుతూ వచ్చిన ఫలము అది. ఆ సంఘమే నేటి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్.

నూలు నంబరు చెప్పే పాఠము

బహిరంగ ప్రమాణము అంటే ఏమిటో నేతవానికి వేరే చెప్పనక్కరలేదు. ఇరవయ్యవ నంబరు నూలు అంటే 840 గజముల చిలపలు ఇరవై కలిపితే ఒక పౌను తూగవలెను. అనగా పౌనుకు 16,800 గజములు. నలభయ్యవ నంబరు అయితే 33,600 గజములు. ఈ లెక్క ఏ ఒక్క మిల్లు సొత్తు కాదు. కోయంబత్తూరులో వడికిన నూలును షోలాపురములో పడుగు పోయగలుగుట ఈ లెక్క అందరిదీ కావటము వలననే. ఒక మిల్లు తన నూలుకు రహస్యమైన నంబరు పెట్టి, తాను అమ్మిన మగ్గము మీదనే అది నేయవలెనని పట్టుపట్టినదనుకొందము. ఆ మిల్లు మంచిదైనంత కాలము మనకు ఇబ్బంది కనిపించదు. అది మూతపడిననాడు మాత్రము మగ్గము, నూలు, నేర్చిన పని మూడూ ఒకేసారి వ్యర్థమగును.

ఇంటర్నెట్టు మీద మాటకు కూడ ఈ రెండు దారులూ ఏర్పడినవి. ఒకటి నియమములు కాగితముపై వ్రాసి అందరికీ పంచిన దారి. రెండవది తలుపు మూసిన దారి. గత యాభై ఏండ్ల చరిత్ర ఈ రెండింటి పోటీయే.

ఆలస్యమైన మాటకన్న జారిన మాట మేలు

కథ 1974లో మొదలైనది. ఇంటర్నెట్టుకు తల్లి వంటిది ఆర్పానెట్ అనే అమెరికా పరిశోధనా జాలము. ఆ సంవత్సరము ఆగస్టులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధనాలయమునకు, మసాచుసెట్స్ లోని లింకన్ ప్రయోగశాలకు మధ్య దాని మీద మొదటిసారిగా సజీవమైన మాట నడిచినది. ఈ ప్రయత్నమునకు ముఖ్యుడు డానీ కోహెన్. ఆయన, సహచరులు తయారుచేసిన ఒడంబడిక 1977లో ఆర్.ఎఫ్.సి. 741 అనే పత్రముగా వెలువడినది. ఆర్.ఎఫ్.సి. అనగా అభిప్రాయములు కోరుతూ పంచే పత్రము. స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్ లో ఈ వరుసలో మొదటిది వ్రాసినాడు. ఎవరైనను చదువవచ్చును, ఎవరైనను తప్పు చూపవచ్చును, ఎవరైనను దానిని చూచి యంత్రము కట్టవచ్చును. ఆ వరుస నేటికీ సాగుచున్నది.

టెలిఫోనులో మాట్లాడినంత సేపు మన కొరకు ఒక దారి కేటాయించబడి ఉండును. ఇంటర్నెట్టులో అట్లు కాదు. మాటను చిన్న చిన్న పొట్లములుగా కట్టి పంపుదురు. సాధారణముగా సెకండులో యాభయ్యవ వంతు మాట ఒక పొట్లము. ఒకటి ఈ దారిన, ఒకటి ఆ దారిన పోవచ్చును. వెనుకది ముందు చేరవచ్చును. ఒకటి దారిలో పోవచ్చును.

ఉత్తరము, లెక్కల కాగితము పంపునప్పుడు పోయిన పొట్లమును మరల తెప్పించుకొనుటే న్యాయము. ఒక్క అంకె పోయినను లెక్క చెడును. కాని మాట సంగతి వేరు. మగ్గము మీద పోగు తెగితే ఆపి అతుకుదుము. మాటలో పోగు తెగినదని సంభాషణను ఆపితే వినేవాడు విసుగుకొనును. అరసెకండు ఆలస్యముగా వచ్చిన అక్షరము ఎవరికీ పనికిరాదు. జారిన అక్షరమును మన చెవి సందర్భమును బట్టి తానే పూరించుకొనగలదు. కోహెన్ ఈ సంగతిని నొక్కి చెప్పిన ఫలితముగా 1978 ప్రాంతములో ఇంటర్నెట్టు మూల నియమమును రెండుగా చీల్చినారు. అన్నిటినీ జాగ్రత్తగా చేర్చే పని ఒకదానిది; చిరునామాకు పొట్లము నడిపించుట మాత్రమే రెండవదానిది. తొందర గల మాట కోసము 1980 ఆగస్టులో యు.డి.పి. అనే తేలికైన నియమమును వ్రాసినారు. దాని పత్రము మూడే పుటలు. నేటి వీడియో కాల్స్ చాలావరకు ఆ మూడు పుటల మీదనే నడుచుచున్నవి.

ఇద్దరి చిత్తులు ఒకటైన విధము

1986లో ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ అనే మండలి మొదలైనది. దీని పద్ధతి మన పంచాయితీ పెద్దలకు నచ్చదగినది. సభ్యత్వము లేదు; రుసుము చెల్లించినవారికి ఎక్కువ మాట లేదు. ఓటు వేయరు, ఒక ప్రతిపాదన మీద ఎందరు మొగ్గుచున్నారో తెలిసికొనుటకు సభలో హుమ్మని గొంతు లోపలనే ధ్వని చేయుదురు. అందరూ పూర్తిగా ఒప్పుకొనకపోయినను మొత్తము మీద సమ్మతి కుదిరి, దానిని చేసి చూపిన యంత్రము ఉంటే ముందుకు పోవుదురు.

1992 మార్చిలో ఈ మండలి శాన్ డియాగోలో సమావేశమైనప్పుడు సభలోని మాటలను మూడు ఖండములలోని ఇరవై చోట్లకు ఇంటర్నెట్టు ద్వారా వినిపించినారు. ధ్వని తెగుతూ వచ్చినది గాని వినబడినది. ఆ అనుభవము నుండి 1996 జనవరిలో ఆర్.టి.పి. అనే ప్రమాణము పుట్టినది. హెన్నింగ్ షుల్జ్‌రిన్, స్టీఫెన్ కాస్నర్, రాన్ ఫ్రెడరిక్, వాన్ జాకబ్సన్ దాని కర్తలు. ప్రతి పొట్లము మీద వరుస సంఖ్య, కాలపు గుర్తు వేయుట దాని ముఖ్యమైన పని. చేరిన పొట్లములను అవతలి యంత్రము వరుసలో పేర్చి, కొద్ది క్షణము నిలిపి, సమమైన వేగముతో వినిపించును.

మాటను మోయుట ఒక పని. ఎదుటివానిని పిలుచుట వేరొక పని. గంట మ్రోగించుట, ఎత్తుట, "నా దగ్గర ఈ విధమైన ధ్వని ఉన్నది, నీకు సమ్మతమా?" అని అడుగుట దీనిలో చేరినవి. దీనికి 1996లో రెండు చిత్తుప్రతులు మండలి ముందుకు వచ్చినవి. ఒకటి మార్క్ హాండ్లీ, ఈవ్ స్కూలర్ లది. మరియొకటి షుల్జ్‌రిన్ గారిది. ఎవరిది గొప్పయని తగవులాడుకొనక రెండింటినీ ఒకటిగా కలిపినారు. అదే ఎస్.ఐ.పి.; నోటి మాటలో సిప్. జోనథన్ రోజెన్‌బర్గ్ కూడ చేరగా 1999 మార్చిలో మొదటి ప్రమాణముగా, 2002 జూన్ లో సవరించిన ప్రమాణముగా వెలువడినది.

అదే కాలమున టెలిఫోను పెద్దల యూనియన్ హెచ్.323 అనే వేరొక ప్రమాణమును 1996లో తెచ్చినది. వీడియో సమావేశముల యంత్రములు మొదట ఎక్కువగా దానినే వాడినవి. ఇది యంత్రము మాత్రమే చదవగల సంకేతములలో ఉండును; సిప్ సందేశము మనిషి కంటికి కూడ చదువ వీలైన అక్షరములలో ఉండును. 2000 నవంబరులో మూడవ తరపు సెల్‌ఫోను ప్రమాణములు వ్రాసే 3జి.పి.పి. సంస్థ సిప్ ను ఎన్నుకొన్నది. ఆ నిర్ణయపు ఫలము మన చేతికి వచ్చుటకు చాలా ఏండ్లు పట్టినది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైనప్పుడు వాటిలోని మాట అంతా ఇంటర్నెట్టు పొట్లములుగానే నడిచినది. ఇతర కంపెనీలు కూడ ఆ బాట పట్టినవి. 4జి మీద చేసే మామూలు ఫోను కాల్ లో పిలుపు సిప్ ది, మోత ఆర్.టి.పి.ది. పేరు తెలియకుండానే మా పేటలో వాటిని వాడనివారు నేడు అరుదు.

వాడా గుమ్మము, మూసిన తలుపు

ఇంతవరకు కథ సాఫీగా ఉన్నట్లు తోచును. కాని సామాన్యుని ఇంటికి ఇంటర్నెట్టు మాటను మొదట తెచ్చినవి బహిరంగ ప్రమాణములు కావు. 1995 ఫిబ్రవరిలో వోకల్‌టెక్ అనే ఇజ్రాయెలు కంపెనీ ఇంటర్నెట్ ఫోన్ అనే సాఫ్ట్‌వేరును అమ్మినది. రెండు వైపులా అదే ఉండవలెను. మన దేశములో ఇంటర్నెట్టు ఫోనుకు 2002 ఏప్రిల్ 1 నుండి అనుమతి లభించినది. మరుసటి ఏడు 2003 ఆగస్టులో స్కైపు వచ్చినది. విదేశములోని బిడ్డతో గంటసేపు మాట్లాడినను మీటరు తిరుగదన్న సంగతి మొదట నమ్మశక్యము కాలేదు.

స్కైపు గెలుపునకు కారణము న్యాయముగా ఒప్పుకొనవలెను. ఇళ్ళలో, ఆఫీసులలో చాలా కంప్యూటర్లు ఒకే బయటి చిరునామాను పంచుకొనును. మా పేట పాత వాడాను తలచుకొంటే ఇది తెలియును. వాడాలో పది కుటుంబములు, వీధికి ఒకే ఇంటి నంబరు. లోపలివారు బయటకు జాబు వేయగలరు. బయటినుండి వచ్చినవాడు ఏ గది తలుపు తట్టవలెనో గుమ్మము దగ్గర తెలియదు. సిప్ కర్తలు అన్ని యంత్రములకూ సొంత చిరునామా ఉండునన్న లోకమును మనస్సులో పెట్టుకొని వ్రాసినారు. అందువలన గంట మ్రోగినను మాట వినబడని అవస్థ వచ్చినది. స్కైపు తన ఉపాయములతో ఈ గుమ్మమును దాటినది. ప్రమాణములు వ్రాసేవారు చర్చించుచుండగానే జనము అటు నడచినారు.

బహిరంగ మార్గమునకు మందు ఆలస్యముగా వచ్చినది. "బయటినుండి చూచిన నా చిరునామా ఏది?" అని వెలుపలి యంత్రమును అడిగే పద్ధతి స్టన్, దాని మొదటి పత్రము 2003 మార్చిది. ఎట్లైనను నేరుగా కలియలేనివారికి మధ్యవర్తిగా నిలిచి పొట్లములు అందించే పద్ధతి టర్న్. సాధ్యమైన దారులన్నీ ప్రయత్నించి మంచిదానిని ఎన్నుకొనే పద్ధతి ఐస్. చివరి రెండింటి పత్రములు 2010 ఏప్రిల్ లో వెలువడినవి. టర్న్ సవరణ పత్రము 2020 ఫిబ్రవరిలో ఆర్.ఎఫ్.సి. 8656గా వచ్చినది. దాని సంపాదకులలో మొదటి పేరు తిరుమలేశ్వర్ రెడ్డి గారిది. అప్పుడు బెంగుళూరులో పనిచేయుచుండినారు. ఆ పేరు మన చెవికి పరాయిదిగా వినిపించదు. ఈ నియమములు వ్రాసేవారు ఎక్కడో ఉన్న దేవతలు కారనుటకు ఇది నిదర్శనము.

గొంతుకు, బొమ్మకు ఒప్పందము

పాత టెలిఫోను మన గొంతులో 300 నుండి 3,400 హెర్ట్జ్ వరకు గల భాగమును మాత్రమే మోసేది. స, శ వంటి అక్షరముల ఊపిరి చాలావరకు దానికి పైన ఉండును. అందుకే ఫోనులో కొత్త పేరు చెప్పినప్పుడు అక్షరము అక్షరముగా విప్పి చెప్పవలసి వచ్చేది. ఇంటర్నెట్టుకు ఆ కట్టుబాటు లేదు. కాని మాటను చిన్నదిగా మడిచి, అవతల మరల విప్పే పద్ధతి కావలెను. మంచి పద్ధతులు పేటెంట్లలో, రుసుములలో చిక్కుకొని ఉండినవి. జీన్-మార్క్ వలాన్, కోయెన్ వోస్, తిమోతి టెరిబెర్రీ కర్తలుగా 2012 సెప్టెంబరులో ఓపస్ అనే ప్రమాణము వచ్చినది. ఇది రుసుము లేనిది. 20,000 హెర్ట్జ్ వరకు ధ్వనిని మోయగలది. దారి ఇరుకైతే సెకండుకు 6,000 బిట్లకు తగ్గగలది. పాత టెలిఫోను పద్ధతికి 64,000 బిట్లు కావలెను. విశేషమేమనగా ఓపస్ లో సగము స్కైపు కంపెనీ ఇచ్చిన సిల్క్ పద్ధతి. మిగిలిన సగము జిఫ్ అనే స్వచ్ఛంద సంస్థవారి కెల్ట్ పద్ధతి. తలుపు మూసుకొన్నవారు కూడ ఒక కిటికీ తెరచినారు.

ఇంకొక పెద్ద మలుపు 2011లో వచ్చినది. అంతకు ముందటి ఏడు గూగుల్ కంపెనీ ధ్వని, దృశ్య యంత్రాంగములలో నేర్పుగల ఒక సంస్థను కొన్నది. దాని పనితనమును 2011లో మూల రూపముతో సహా అందరికీ విడుదల చేసినది. వేరే సాఫ్ట్‌వేరు ఎక్కించుకొనక బ్రౌజరులోనే మాట, వీడియో నడవవలెనని ఉద్దేశ్యము. దీని పేరు వెబ్ ఆర్.టి.సి. పొట్లముల నియమములు టాస్క్ ఫోర్స్ వంతు, బ్రౌజరులోని ఆదేశములు వెబ్ ప్రమాణముల సంస్థ డబ్ల్యు3సి వంతు అని పంచుకొన్నారు. 2013 ఫిబ్రవరిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అనే ఇద్దరు ప్రత్యర్థుల బ్రౌజర్లు ఒకదానితో ఒకటి మాట్లాడినవి.

గొంతు విషయములో సమ్మతి తొందరగా కుదిరినది. బొమ్మ విషయములో పెద్ద తగవు వచ్చినది. గూగుల్ వారు ఉచితముగా ఇచ్చిన వి.పి.8 ఒక పక్షము. ఫోనులలో అప్పటికే పాతుకొన్న హెచ్.264 మరియొక పక్షము. రెండవదానికి పేటెంటు రుసుములు ఉన్నవి. 2013 అక్టోబరులో సిస్కో కంపెనీ తన హెచ్.264 యంత్రాంగమును విడుదల చేసి, దానికి సంబంధించిన రుసుమును తానే భరించెదనని చెప్పినను తగవు తీరలేదు. చివరకు 2014 నవంబరులో హోనలూలూ సమావేశములో బ్రౌజర్లు రెండింటినీ తెలిసి ఉండవలెనని రాజీ కుదిరినది. రెండు పక్షములకూ పూర్తి తృప్తి లేదు. కాని ఎవరి కాల్ ఆగదు. ఇంటి పంపకములలో పెద్దలు చెప్పే తీర్పు ఇట్లే ఉండును గదా!

ఈ ప్రమాణములో మరియొక సుగుణము కలదు. మాటను రహస్య లిపిలో మూయకుండ పంపుటకు అనుమతియే లేదు. 2017లో ఆపిల్ కంపెనీ బ్రౌజరు కూడ దీనిలో చేరినది. 2021 జనవరిలో టాస్క్ ఫోర్స్ పత్రములు చాలావరకు ఒక్కసారిగా వెలువడినవి. ఆ నెల 26న డబ్ల్యు3సి తన ఆమోదము తెలిపినది. మొదలుపెట్టిన నాటికి పదేండ్లు నిండినవి. లాక్‌డౌన్ ఉగాది నాటికి పత్రములపై తుది ముద్ర పడలేదు గాని, దారి మాత్రము లోకమంతటా నడుచుచున్నది.

గెలిచినదేమి, మిగిలినదేమి

కథ ఇక్కడ ముగిస్తే మంగళము పాడవచ్చును. కాని సత్యము అంత తీయనిది కాదు. ఉగాది పచ్చడి వంటిది. దారి బహిరంగమైనది, తలుపులు బహిరంగము కాలేదు.

వాట్సాప్ కాల్స్ ను ఎస్.ఆర్.టి.పి. అనే బహిరంగ ప్రమాణముతో రహస్యము చేయుచున్నట్లు ఆ సంస్థయే తన పత్రములో చెప్పినది. లోపలి నూలు అందరిదీ. అయినను వాట్సాప్ నుండి ఫేస్‌టైముకు, ఫేస్‌టైము నుండి జూముకు గంట మ్రోగదు. 2010 జూన్ లో ఫేస్‌టైమును చూపిన రోజున ఆపిల్ పెద్దలు దానిని బహిరంగ ప్రమాణము చేసెదమని సభలో చెప్పినారు, అది జరుగలేదు. 2021 నుండి ఇతరులు లింకు ద్వారా బ్రౌజరులో చేరగలుగుట మాత్రము వచ్చినది. గూగుల్ టాక్ 2006 జనవరిలో ఇతర సేవలవారితో కలిసే తలుపు తెరచినది. 2013లో దాని స్థానమున హాంగౌట్స్ వచ్చినప్పుడు ఆ తలుపు కొత్త ఇంటికి పెట్టలేదు.

స్కైపు చివరి ఘట్టము మరీ చూడదగినది. 2011లో మైక్రోసాఫ్టు దానిని 850 కోట్ల డాలర్లకు కొన్నది. 2025 మే 5న సేవ ముగిసినది. ఇరువై ఏండ్లకు పైగా లోకమునకు మాట నేర్పిన పేరు ఒక్క తేదీతో మూతపడినది. అందులోని చుట్టాల పట్టికను వేరొక సేవకు మార్చుకొనుట నేర్చినవారికి సులభమే. కాని ఆ నీలిరంగు గుర్తును మాత్రమే ఎరిగి, దానిని నొక్కితే బిడ్డ కనిపించునని నేర్చుకొన్న ముసలివారికి అది కొత్త బడిలో చేరినట్లే. టెలిఫోను కంపెనీ మూతపడితే నంబరును వేరొక కంపెనీకి తీసికొనిపోవచ్చును. మూసిన సేవలోని పేరును తీసికొనిపోవుటకు చోటు లేదు.

ప్రభుత్వముల చేయి కూడ ఇందులో కలదు. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరు వరకు ఇంటర్నెట్టు కాల్స్ ను అడ్డగించినది. ఎమిరేట్సులో మామూలు ఆప్ కాల్స్ సాగక, అనుమతి పొందిన ఆప్ లను వెదకుకొన్న సంగతి గల్ఫు కుటుంబములకు అనుభవమే. ప్రమాణము ఎంత మంచిదైనను చట్టము తలుపు మూస్తే తాను తెరువలేదు. చట్టము తెరిపించే ప్రయత్నమును ఐరోపా చేయుచున్నది. అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టము ప్రకారము 2023 సెప్టెంబరులో నిర్ణయింపబడిన పెద్ద సందేశ సేవలు, కోరిన ఇతర సేవలతో మొదట సందేశములను, నాలుగేండ్ల గడువులో మాట, వీడియో కాల్స్ ను కలుపవలెను.

మూసిన తలుపువారి వాదములో కూడ సారము లేకపోలేదు. బహిరంగ మండలి నిదానముగా నడుచును. 2002 నాటి సిప్ పత్రము 269 పుటలు. అది చదివి యంత్రము కట్టేలోపల ఒకే కంపెనీ పది మార్పులు చేయగలదు. ఎవరైనను పిలువగల దారిలో మోసగాడు కూడ పిలువగలడు. అయినను టెలిఫోను, ఈ-మెయిలు ఈ చిక్కులన్నీ పడుతూనే తరములు దాటి నిలిచినవి. నిలుచుటకు కారణము అవి ఎవరి ఒక్కరి సొత్తూ కాకపోవుటయే.

మనము ఇంజినీర్లము కాము. మనము చేయగలది ఏమి? మూడు చిన్న పనులు మాకు తోచుచున్నవి. ఒకటి: ప్రతి ఇంటిలో చుట్టాల ఫోను నంబర్లు, ఈ-మెయిలు చిరునామాలు కాగితముపై, తెలుగులోను మరాఠీలోను, వ్రాసి ఉంచుకొందము. ఆప్ పోయినను చుట్టరికము పోకుండును. రెండు: మార్కండేయ రథోత్సవమును, సంఘ సభలను దూరపు వారికి చూపునప్పుడు ఖాతా తెరువమని అడుగని, లింకు నొక్కితే ఏ బ్రౌజరులోనైనను తెరచుకొనే సాధనమును ఎన్నుకొందము. స్ట్రాస్‌బర్గ్ లో ఎమిల్ ఇవోవ్ అనే విద్యార్థి 2003లో మొదలుపెట్టిన జిట్సీ వంటి సాధనములను మన కుర్రవారు తమ సర్వరు మీదనే నడిపించగలరు. మూడు: మన అవ్వల, తాతల తెలుగును కాల్ లో విని వదలక, అందరూ తెరువగల రూపములో రికార్డు చేసి దాచుకొందము. పిల్లలకు అక్షరము నేర్పే పని దానితో తప్పదు. కాని నేర్చేనాటికి వినుటకు గొంతు మిగిలి ఉండవలెను గదా.

యాభై ఏండ్లుగా ఎందరో ఒకచోట కూడి, వాదించుకొని, రాజీపడి, తాము వ్రాసినదానిని అందరికీ విడిచిపెట్టినారు. వారిలో భవాని పేట్ ను ఎరిగినవారు ఉండకపోవచ్చును. అయినను నూలు నంబరును నిర్ణయించినవారు మన మగ్గమును ఎరుగకయే మనకు మేలు చేసినట్లు, వీరును మన పలుకునకు బాట వేసినారు. ఈ ఉగాది నాడు దూరపు బిడ్డ గొంతు వినబడినప్పుడు, ఆ బాట ఒకరి సొత్తు కాకుండ కాపాడుకొనవలసిన పని మనకు కూడ ఉన్నదని గుర్తుంచుకొందుము గాక! పాఠకులందరికీ, దూరమున ఉన్న మన బంధువులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.